నంజమ్మత్త ముక్కు, సాక్ అనే మాట

పోయిన నెల ఇల్లు మారుతుంటే పాత పుస్తకాల మధ్య నుంచి ఒక నోటుపుస్తకం బయటపడింది. మొదటి పేజీలో నా పదిహేడేళ్లప్పటి చేతిరాత, ఇప్పటి దానికంటే గుండ్రంగా, అనవసరమైనంత అందంగా ఉంది. పైనుంచి కిందికి ఒకే మాటను రకరకాలుగా రాసి పెట్టుకున్నాను. ఇంగ్లీషులో సాక్, ఫ్రెంచిలోనూ సాక్, జర్మన్‌లోనూ డచ్‌లోనూ జక్, ఇటలీలో సక్కో, స్పెయిన్‌లో సాకో, స్వీడన్‌లో సెక్, హంగేరీలో ఝాక్. వీటన్నిటికీ పైన, చుట్టూ గీత గీసి, లాటిన్ సక్కుస్, గ్రీకు సాకోస్. అన్నిటి అర్థమూ ఒకటే, గోనెసంచి. ఆ వరస పేజీ చివరిదాకా పోకుండా ఫిన్లండ్ దగ్గర ఆగిపోయింది. దేశం పేరు రాసి ఎదురుగా మాట రాయకుండా వదిలేశాను. ఎందుకు వదిలేశానో నాకు బాగా గుర్తుంది. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు, అంతే.

మాది తరగుపేటలో గోనెసంచుల అంగడి. మావాళ్లు బెంగుళూరుకు ఎప్పుడొచ్చారో ఇంట్లో ఎవరికీ సరిగా తెలియదు. అడిగితే నాయన "ఎప్పుడో వచ్చినాము. ఇప్పుడేం, పంపించేస్తారా?" అనేవాడు. ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్యలో బండలు పరిచిన బయలు. మాది పాత సంచుల వ్యాపారం. మిల్లుల నుంచి, మండీల నుంచి ఖాళీ సంచులు బండ్లలో వచ్చేవి. వాటిని దులిపి, తిరగేసి, దేంట్లో ఏముండేదో చూసి గుట్టలుగా వేసి, చిల్లులుంటే దబ్బనంతో పురికొస పెట్టి కుట్టి మళ్లీ అమ్మేవాళ్లం. ఇంటి నిండా గోనె దుమ్ము. అన్నం గిన్నె మీద మూత తీస్తే వడ్డించగానే మళ్లీ పెట్టాలి. ఉతికిన బట్టలు బయల్లో ఆరేయడమన్నది మా అమ్మకు కలలో మాట, మిద్దె మీదికి మోసుకుపోయేది. బడిలో నా పక్కన కూర్చునే అమ్మాయి నా జడ దగ్గరికి వంగి, ఇవాళ మీ ఇంట్లో మిరపకాయల సంచులు దించారా అని అడిగేది. అడిగిన ప్రతిసారీ అది నిజమే అయ్యేది. నాకు చచ్చేంత సిగ్గుగా ఉండేది.

నాయన చెల్లెలు నంజమ్మత్త మాతోనే ఉండేది. పెళ్లయిన రెండో ఏడే మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసింది. పిల్లలు లేరు. అలా తిరిగి వచ్చినవాళ్లకు ఆ రోజుల్లో పొయ్యి దగ్గర ఒక పీట వేసి ఉంచేవాళ్లు, జీవితాంతం ఆ పీట మీదే. అత్త ఆ పీట మీద ఎక్కువ కాలం కూర్చోలేదు. ఒకరోజు బయల్లోకి వచ్చి, పనివాళ్లు వేసిన గుట్టను చూసి, "ఈ చక్కెర సంచుల్లో ఒగటి ధనియాలది ఉండాది, తీసెయ్యండి" అందట. వెతికితే ఉందట. నేను అప్పటికి పుట్టలేదు, కానీ ఈ ముచ్చట మా ఇంట్లో పండగ పండగకీ చెప్పుకునేవాళ్లు. నాకు ఊహ తెలిసేసరికి సంచులు చూసే పనంతా ఆమెదే.

ఆమె పని చూడడానికి ఏమంత గొప్పగా ఉండేది కాదు. సంచిని తిరగేసి, రెండు చేతులతో మూతి విప్పి, మొహం లోపలికి పెట్టి ఒక్కసారి గాలి పీల్చేది. తల బయటికి తీస్తూనే చెప్పేసేది. "చక్కెర." "కొబ్బరి." "గోధుమపిండి, పురుగు పట్టిన పిండి." "ఎరువు. దీన్ని ఆ పక్కకు విసిరెయ్." ఆలోచించడం, మళ్లీ చూడడం ఉండేవి కాదు. ఉప్పుకు వాసన ఉండదని లోకమంతా అంటుంది. అత్త ఉంటుందనేది. "వాన వచ్చే ముందర పాతగోడ దగ్గర నిలబడితే ఒగ వాసన వస్తాది చూడు, అట్లుంటాది." నేను చాలాసార్లు సంచిలో తలపెట్టి చూశాను. నాకు తుమ్ము వచ్చేది.

ఈ ఉప్పు సంగతే ముఖ్యం. కడిగి ఆరేసిన ఉప్పు సంచి మిగతా అన్నిటికంటే శుభ్రంగా కనిపిస్తుంది. కానీ నారలోకి దిగిన ఉప్పు పూర్తిగా పోదు, ముసురు పట్టినప్పుడల్లా చెమ్మ పీల్చుకుంటుంది. అందులో విత్తనం పోసి పెడితే బూజుపట్టి మొలక చచ్చిపోతుంది. అది రైతుకు తెలిసేది చేలో వేశాకే. అందుకని విత్తనానికి కావాలని అడిగేవాళ్ల కోసం అత్త విడిగా సంచులు ఏరేది. ఆ సంచుల మూలకు ఎర్రదారంతో ముడి వేయడం మా అంగడి ఆనవాయితీ. హొసకోటె వైపు నుంచి వచ్చే రైతులు మా అంగడి పేరు కూడా చెప్పేవాళ్లు కాదు, "నంజమ్మ ఎర్రదారం సంచులు ఉండాయా?" అని అడిగేవాళ్లు. ఏరేది అత్త, ముడి వేసేది నేను. ముడి వేయడానికి తెలివీ అక్కర్లేదు, ముక్కూ అక్కర్లేదు.

నాయన ఎవరి మాటా వినే మనిషి కాదు. అమ్మ పదిసార్లు చెప్పినా చెవిన పెట్టనిది, అత్త ఒకసారి చెబితే చేసేవాడు. మొగుడు పోయిన ఆడబిడ్డ మాటకు ఒక ఇంట్లో అంత విలువ ఉండడం మా బంధువుల్లో ఇంకెక్కడా చూడలేదు. ఆ ఇంట్లో అత్తకున్న చోటు ఆమె ముక్కు సంపాదించిపెట్టిందే. అది ఆమెకు తెలుసు, మాకూ తెలుసు.

నా జర్మన్ చదువు కూడా అత్త పుణ్యమే. పీయూసీలో ఉండగా, దండు వైపు సాయంత్రం జర్మన్ తరగతులు చెబుతున్నారని తెలిసి వెళ్తానన్నాను. మా పాతపేటవాళ్లు కంటోన్మెంటును దండు అనేవాళ్లు, అదేదో పరదేశమైనట్టు. నాయన పురికొస చుట్ట పక్కన పెట్టి, "జర్మనీవాళ్లు మన దగ్గర సంచులు కొంటారా?" అన్నాడు. నేను ఏడుపు మొహం పెట్టాను. అత్త తలెత్తకుండానే, "అన్నా, పాప పుట్టినప్పటి నుంచి ఈ దుమ్ములోనే ఉండాది. వారానికి రెండు పొద్దులు గాలి తిరగనీ. అంగడి పని చెడకుండా చూసేది నా పూచీ" అంది. నాయన నా వైపు చూసి, "పనిలో ఒగ తప్పు కనబడితే చాలు, తరగతి బంద్" అన్నాడు. అన్నాడంటే చేసే మనిషి.

తరగతిలో ఒకరోజు టీచరు అందరినీ మీ నాన్నగారేం చేస్తారని అడిగింది. మా పక్కవాళ్లలో ఒకరి నాన్న ఇంజనీరు, ఒకరి నాన్న డాక్టరు. నేను వ్యాపారం అన్నాను. ఏం వ్యాపారమని అడిగింది. మాట తెలియక, తప్పించుకోవడానికి తెలివి చాలక, కాగితం మీద సంచి బొమ్మ వేసి చూపించాను. ఆమె నవ్వలేదు. బోర్డు మీద జర్మన్ మాట రాసింది, పక్కన ఇంగ్లీషు మాట, దాని పక్కన ఫ్రెంచి, ఇటాలియన్. చూశారా, అన్నీ ఒకటే, కానీ ఇది వీళ్లలో ఎవరి సొంత మాటా కాదు, అంది. లాటిన్‌వాళ్లు గ్రీకుల దగ్గర, గ్రీకులు సముద్రం తూర్పు ఒడ్డున ఓడల మీద తిరిగే వర్తకుల దగ్గర తీసుకున్నారట. హీబ్రూలో సాక్ ఉంది, అంతకంటే పాతది, మట్టిపలకల మీద రాసుకున్న అక్కాదు భాషలో సక్కు ఉంది. మొదట్లో అది మేకవెంట్రుకలతో నేసిన ముతకగుడ్డ పేరు. ఆ గుడ్డతోనే ధాన్యానికి సంచులు కుట్టేవాళ్లు, ఇంట్లో ఎవరైనా పోతే అదే గుడ్డ కట్టుకుని దుఃఖపడేవాళ్లు. నా జడ వాసన మూడువేల ఏళ్ల నాటిదని ఆ సాయంత్రం తెలిసింది. అంతకు ముందెప్పుడూ నాకు మా అంగడి విషయంలో అంత సంతోషం కలగలేదు.

ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా బయల్లో ఉన్న అత్త దగ్గరికి పోయాను.

"అత్తా, సంచికి అన్ని దేశాల్లోనూ ఒకటే మాటంట!"

అత్త దబ్బనంలోకి పురికొస ఎక్కిస్తూ, "అట్లనా. ఏల?" అంది.

"అదే తెలీదు. కొంతమందికి ఒకరికొకరికి చుట్టరికమన్నా లేదు. అయినా మాట ఒకటే."

"చుట్టరికం ఏల? సంచి మోసకపోయినోడు దాని పేరు ఇంట్లో పెట్టి పోతాడా? అదీ మోసకపోతాడు."

టీచరు బోర్డు నిండా రాసి చెప్పింది అదే. అమ్మా, నాన్నా, అంకెలూ లాంటి మాటలు భాషల మధ్య పుట్టుకతో వచ్చిన చుట్టరికాన్ని చూపిస్తాయి. సాక్ అలాంటిది కాదు, బేరం మీద, ఓడ మీద, గాడిద మీద ఎక్కి తిరిగిన మాట. అత్తకు అక్షరాలు కన్నడంలో కొన్ని వచ్చు, అంతే. మన గోనె కూడా ఇలాగే ఓడెక్కి ఇంగ్లీషువాళ్ల దగ్గర గన్నీ అయిందని చెబితే మాత్రం చాలా సంబరపడింది. "చూసినావా, మనదీ పోయి ఉండాది" అని అమ్మను పిలిచి మరీ చెప్పింది. ఆ రాత్రే నేను నోటుపుస్తకంలో మొదటి వరస రాశాను. తర్వాత కొత్త మాట దొరికినప్పుడల్లా అత్తకు చదివి వినిపించేదాన్ని. ఆమె నా నోట విని, ఒకసారి తనూ అని చూసి, "ఊఁ, అదే సంచి" అనేది.

ఇక ఆ రోజు సంగతి. కార్తీకమాసంలో తుపాను ముసురు పట్టింది. అత్తకు జలుబు, తలకు గుడ్డ చుట్టుకునే పనిచేసింది. విత్తనానికి ఏరిన సంచులు ఒక గుట్ట, కడిగి ఆరిన ఉప్పు సంచులు ఒక గుట్ట, రెండూ బయల్లోనే ఉన్నాయి. ముడులు నేను వేస్తాలే, నువ్వు పోయి కషాయం తాగు అని అత్తను లోపలికి పంపాను. అంతలో చినుకులు మొదలయ్యాయి. రెండు గుట్టలనూ ఒకదాని తర్వాత ఒకటి చూరు కిందికి లాగాను. సంకలో నోటుపుస్తకం ఉంది. ఆ పొద్దున్నే కాలేజీ లైబ్రరీలో హంగేరీవాళ్ల మాట దొరికింది. హంగేరీ భాషకు చుట్టుపక్కల భాషలతో పుట్టుక చుట్టరికం లేదు, అయినా సంచికి అదే మాట. అత్త చెప్పింది అక్షరాలా రుజువైందని నాకు కాళ్లు నేల మీద నిలవడం లేదు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ఎదురుగా ఉన్న గుట్టలోంచి ఒక్కొక్క సంచి తీసి ఎర్రదారం ముడి వేశాను. ఏ గుట్టను ఏ పక్కకు లాగానో చూసుకోలేదు. మర్నాడు హొసకోటె పక్క పల్లె నుంచి మునియప్ప అనే పాత రైతు వచ్చి ఆ సంచులు తీసుకుపోయాడు.

ఆ తర్వాతి ఎండాకాలంలో హొసకోటె విత్తనాల మండీ యజమాని ఒకాయన అత్తకు కబురు పెట్టాడు. తన మండీలో సంచులు చూసే పనంతా ఆమె చేతికే ఇస్తాననీ, ఉండడానికి వెనకవైపు గది ఇస్తాననీ. సంపాదన సొంతం, గది సొంతం, తలుపుకు గొళ్లెం సొంతం. మూడోరోజు నాయన "నీ ఇష్టం నంజా" అన్నాడు. అత్త చిక్కపేటకు పోయి ఆకుపచ్చ ట్రంకుపెట్టె కొనుక్కుంది. "దీపావళి కానీ, పోతాను" అంది. అందులో ఇంకా ఏమీ పెట్టకుండానే రోజూ దాన్ని తుడిచేది. ముప్పై నాలుగేళ్ల మనిషి, ఒక పెట్టెను అలా తుడవడం నాకప్పుడు నవ్వులాటగా ఉండేది.

వానాకాలం మధ్యలో మునియప్ప వచ్చాడు. భుజం మీద ఒక ఖాళీ సంచి ఉంది. దాన్ని బయల్లో పరిచి, "నంజమ్మక్కా, దీన్ని ఒగసారి చూడు తల్లీ. చెనక్కాయ విత్తనం మొలవలేదు. ఆడొగటి ఈడొగటి, అంతే" అన్నాడు. కోపం లేదు గొంతులో, అలసట ఉంది. అత్త సంచి తిరగేసి మొహం లోపల పెట్టింది. ఎప్పటికంటే చాలాసేపు పెట్టింది. తల బయటికి తీసి, సంచి అంచు నాలుకకు ఆనించుకుంది. ఆమె నాలుక సాయం తీసుకోవడం అంతకు ముందు నేను చూడలేదు.

"ఉప్పు," అంది. తర్వాత మూలనున్న ఎర్రదారం ముడిని వేలితో పట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

నాయన అరిచి ఉంటే బాగుండేది. మెల్లిగా, పిల్లను అడిగినట్టు, "నీ ముక్కుకేమైంది నంజా?" అన్నాడు.

"ఆ పొద్దు జలుబు చేసిండె అన్నా. తెలీలేదేమో. నాదే తప్పు. తప్పయిపోయింది మునియప్పా."

"పోనీలే అక్కా. మనిషి ముక్కే కదా," అన్నాడు మునియప్ప. నాయన అప్పటికప్పుడు ఇంకోచోట నుంచి విత్తనం తెప్పించి అతనితో పంపాడు. ఆ ఏటికి అదను దాటిపోయిందని ఇద్దరికీ తెలుసు.

నేను నడవలో నిలబడి ఉన్నాను. తరగతికి బయల్దేరుతున్నాను, సంచీ భుజానికి ఉంది, పుస్తకంలో ఫిన్లండ్ అని అప్పుడే రాసుకున్నాను. ఉప్పు అన్న మాట వినగానే చూరు కింద గుట్టలు కళ్ల ముందుకొచ్చాయి, ఏది ముందు లాగానో, ఏది తర్వాత లాగానో. అత్త ముక్కు తప్పలేదు. నా చెయ్యి తప్పింది. ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. చెబితే తరగతి ఆ సాయంత్రంతో అయిపోయేది, అదీ తెలుసు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, వాళ్ల పక్కనుంచే నడిచి వీధిలోకి పోయి బస్సెక్కాను. ఆ రోజు భూతకాలపు క్రియలు చెప్పారు. నాకు అన్నీ బాగా వచ్చాయి. ఇది గొప్పకు చెప్పడం లేదు. అంత జరిగినా బుర్ర ఎంత చక్కగా పనిచేసిందో తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

తర్వాత పెద్దగా ఏమీ జరగలేదు. ఎవరూ అత్తను ఒక్క మాట అనలేదు. ఎర్రదారం సంచులు అమ్మడం మానేద్దామని ఆమే అంది. కొన్నాళ్లు సంచులు చూస్తూనే వచ్చింది కానీ, మొహం పెట్టి తీశాక నన్ను పిలిచేది. "పాపా, నువ్వూ ఒగసారి చూడు. ధనియాలే కదా?" తుమ్మడం తప్ప ఏమీ తెలియని నన్ను. నేను తల లోపల పెట్టి, బయటికి తీసి, అవునత్తా అనేదాన్ని. అలా ఎన్నిసార్లు అన్నానో. చెప్పడానికి ప్రతిసారీ ఒక అవకాశం ఉండింది, ప్రతిసారీ పరీక్షలు అయ్యాక చెబుదామనుకున్నాను. పరీక్షలకు అంతుండదు కదా. దీపావళి నాటికి అత్త బయల్లోకి రావడం మానేసి వంటింట్లో పీట మీద కూర్చుంది. హొసకోటెకు రానని కబురు పంపింది. డిగ్రీ అయ్యాక నేను ఎం.ఏ. కోసం హైదరాబాదు పోతుంటే ఆకుపచ్చ పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. "ఊరికే పడుండాది, తీసకపో" అంది. తీసుకుపోయాను.

ఆ పైన నలభై ఏళ్లు జర్మన్ చెప్పి బతికాను. ప్రతి ఏడూ కొత్త పిల్లలకు మొదటివారం సాక్ కథ చెప్పేదాన్ని, అది నా పేరుమోసిన పాఠం. దాంతోపాటు ఆ దేశాల పాతకాలపు పండితుల పిట్టకథ ఒకటి కలిపేదాన్ని. ఆకాశాన్నంటే గోపురం కడుతుండగా దేవుడు మనుషుల భాషలు తారుమారు చేశాడట. రాయి అంటే ఒకరికి, నీళ్లంటే ఇంకొకరికి తెలియకుండా పోయింది. ఒక్క సంచి అనే మాట మాత్రం అందరికీ గుర్తుందట, ఎందుకంటే పని ఆగిపోయాక ఎవరి సంచి వాళ్లు సర్దుకుని ఇంటికి పోవాలి. పిల్లలు నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. ఫిన్లండ్‌వాళ్ల మాట సెక్కి అని ఎప్పుడో తెలిసింది. నోటుపుస్తకంలో మాత్రం ఎక్కించలేదు.

ఇప్పుడు తరగుపేటలో మా అంగడి లేదు. ఆ స్థలంలో మొబైల్ ఫోన్ల కవర్లు అమ్ముతారు. విత్తనాలు ప్లాస్టిక్ సంచుల్లో కంపెనీ ముద్రతో వస్తున్నాయి. వాటిని ఎంత పీల్చినా ప్లాస్టిక్ వాసనే, ముందు వాటిలో ఏముండేదన్న ప్రశ్నే లేదు. రైతుకు ఇదే మేలు. పాతరోజులే బంగారమని నేననను. ఆ దుమ్ముకు మా అమ్మ చివరి పదేళ్లు దగ్గుతూనే గడిపింది. కానీ ఒక మనిషి ముక్కును నమ్మి ఇరవై పల్లెలు విత్తనం పోసుకోవడం అప్పుడు మామూలు విషయం. ఆ నమ్మకం ఎంత పెద్దదో, దాని మీద ఒక మనిషి బతుకు ఎలా నిలబడి ఉందో తెలియాల్సినంత నాకు అప్పుడే తెలుసు. తెలియని వయసని సర్దిచెప్పుకోవడం కుదరదు.

అత్త ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో నా మేనల్లుడు శ్రీధర్ ఇంట్లో ఉంటోంది. ఎనభై నాలుగు దాటాయి. తొమ్మిదో అంతస్తు, బాల్కనీ పక్కన కుర్చీ. పోయిన ఆదివారం ఆ నోటుపుస్తకం చేతిసంచిలో వేసుకుని వెళ్లాను. చూపించాలనో, చెప్పాలనో ఏమీ నిర్ణయించుకోలేదు. శ్రీధర్ ముభావంగా ఉన్నాడు. ఏమైందిరా అంటే, "మా టీమ్‌లో ఇద్దరిని సాక్ చేసినారత్తా. ఫ్రైడే ఈవినింగ్ మెయిల్, మండే లాగిన్ లేదు" అన్నాడు. నలభై ఏళ్ల అలవాటు ఊరుకోనిస్తుందా, వెంటనే పాఠం మొదలుపెట్టాను. వెనకటికి ఆ దేశాల్లో పనివాడు తన పనిముట్లు తనే సంచిలో తెచ్చుకునేవాడనీ, యజమాని ఆ సంచి చేతికిచ్చేస్తే ఇక రావద్దని అర్థమనీ, ఆ వాడుక అలా వచ్చిందని చెబుతారనీ. శ్రీధర్ మర్యాదకు తలూపి తన గదిలోకి పోయి మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

అత్త మాత్రం వింటోంది. "పాపం," అంది. "నన్నయితే ఎవురూ తీసెయ్యలా. నా ముక్కే నన్ను తీసేసె."

అప్పుడు చెప్పాను. గుట్టలు, చినుకులు, చూరు, హంగేరీ, తరగతి, అన్నీ. తలెత్తకుండా, తరగతిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. చెప్పడం అయిపోయాక ఏడుస్తుందనో, తిడుతుందనో, పోనీలే పాపా అంటుందనో ఎదురుచూశాను. ఆమె ప్రశ్నలు వేసింది.

"ఏ గుట్ట ముందు లాగితివి?"

"ఉప్పుది."

"దాన్ని గోడకు చేర్చి పెట్టినావా?"

"అవును. విత్తనాలది ఇవతల పెట్టాను. విత్తనం గుట్ట ఎప్పుడూ పెట్టే చోటు గోడ పక్కే కదా అని, ముడులు గోడ పక్క ఉన్నవాటికి వేశాను."

అత్త కళ్లు మూసుకుని ఆ బయలు మొత్తం మనసులోనే తిరిగి చూసుకుంది. "అయితే ఆ పొద్దు నేను సరిగ్గానే ఏరినా," అంది.

"సరిగ్గానే ఏరావత్తా."

"జలుబులో కూడా."

"జలుబులో కూడా."

"నా ముక్కు బాగనే ఉన్నింది." ఈసారి నన్ను అడగలేదు. తనకు తాను చెప్పుకుంది. చేత్తో ముక్కు కొస తడుముకుంది. ముడతలు పడ్డ మొహంలో ఏదో కదిలింది. దాన్ని సంతోషమనాలో ఏమనాలో నాకు తెలియదు. యాభై ఏళ్లు ఆలస్యంగా వచ్చిన సంతోషానికి నాకు తెలిసిన ఏ భాషలోనూ మాట లేదు. "హొసకోటెకు పోయింటే బాగుండు," అంది చివరికి, ఎవరి మీదా నేరం మోపకుండా, బస్సు తప్పిపోయినట్టు.

"అత్తా, నన్ను—"

"ఇది ఇంకెవురికైనా చెప్పినావా?"

"లేదు."

"మీ నాయనకు?"

"లేదు. పోయేముందు కూడా చెప్పలేదు."

"మునియప్ప కూడా పాయె. ఆయప్ప పోయేదాకా నాదే తప్పనుకోనుంటాడు." కుర్చీ చేతుల మీద బలం ఆన్చి నిటారుగా కూర్చుంది. "శ్రీధరా! ఒరే శ్రీధరా, ఇట్ల రా."

శ్రీధర్ కంగారుగా వచ్చాడు. "ఏమైంది అవ్వా?"

"ఏమీ కాలేదు. కూర్చో. మీ అత్త ఏమో చెప్తాది, విను." నా వైపు తిరిగింది. "నాకు చెప్పినట్ల చెప్పు. మొదట్నుంచి."

నేను అత్త మొహం చూశాను. దయ కోసం వెతికాను. అక్కడ ఉన్నది దయ కాదు, పని. బయల్లో సంచి చేతిలోకి తీసుకున్నప్పటి మొహం అది. శ్రీధర్ నేల మీద కూర్చున్నాడు. మొదలుపెట్టాను. అత్తకు జలుబు చేసిందని, నేను ముడులు వేస్తానని చెప్పి ఆమెను లోపలికి పంపానని, అలా నా చేతుల మీదుగా నాలుగు ఉప్పు సంచులు విత్తనానికని మునియప్ప ఇంటికి పోయాయని.

"నాలుగు కాదు," అంది అత్త. "ఆరు."

ఆరు సంచులు, అన్నాను శ్రీధర్‌తో, మిగతాది చెప్పాను.